కొడవలికి కర్పూరం

వేదవల్లికి పదకొండేళ్లు నిండినా సినిమా ఎట్లా ఉంటుందో తెలియదు. డెబ్భై ఆరో సంవత్సరంలో, పుదుచ్చేరి నెల్లితోపులో అటువంటి పిల్ల ఉందంటే ఎవరూ నమ్మేవారు కారు. బడిలో శివగామి అనే పిల్ల ప్రతి సోమవారం తాను చూసొచ్చిన సినిమా కథ చెప్పేది. మిగతా పిల్లలంతా అడ్డం తగిలి "అట్ట కాదు, ఇట్ట" అని దిద్దేవాళ్లు. దిద్దడానికి ఏమీ లేనిది వేదవల్లికి ఒక్కదానికే. నోరు మూసుకుని వింటుంటే ఆమెకు ఒళ్లు మండిపోయేది.

దీనికంతటికీ కారణం పెదనాయన లోకనాథన్. వేదవల్లి నాయన నైవేలి గనుల్లో పనిచేస్తూ ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో మాటంతా పెదనాయనదే. మార్కెట్లో ఎర్రగడ్డల మండీ నడిపే ఆయనకు ఇంటి ఆడపిల్లల విషయంలో ఒక చట్టం ఉండేది. చూస్తే సామి పడమే, అంటే దేవుడి సినిమాయే చూడాలి. అది కూడా పెద్దమనిషి కాకముందే. అయ్యాక, పెళ్లి చేసుకుని మొగుడు తీసుకుపోతేనే సినిమా.

సామి పడాలు రాకపోలేదు. మొదటిది వచ్చినప్పుడు వేదవల్లికి గవదబిళ్లలు. రెండోది వచ్చినప్పుడు ఒంటి నిండా ఆటలమ్మ. మూడోది వచ్చిన ఆదివారమే తాత తద్దినం పడింది. పోయిన ఏడు పెదనాయన కూతురు పెద్దమనిషై లోపల కూర్చుంది. ఆమె ఇంతవరకు సినిమా ముఖం చూడలేదు, ఇకముందు ఎప్పుడు చూస్తుందో దేవుడికే తెలియాలి. తనకు కూడా ఆ రోజు ఎంతో దూరంలో లేదని వేదవల్లికి తెలుసు. ఆ దిగులుతో ఆమెకు అన్నం సహించేది కాదు.

అలాంటి రోజుల్లో మార్కెట్ గోడ మీద ఒక తెలుగు పోస్టర్ వెలిసింది. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, నుదుట రూపాయంత కుంకుమ, పైకెత్తిన చేతిలో కొడవలి, వెనక మంట. ఆదివారం పొద్దుటి ఆట ఒక్కటే. ఊళ్లో అప్పుడప్పుడు తెలుగు సినిమాలు అట్లాగే ఒక్క ఆట ఆడి పోయేవి.

"అమ్మోరి పడం!" అన్నాడు పెదనాయన ఇంటికొచ్చి, సంబరంగా. "అదీ మన బాసలో. అందరం పోదాం."

ఆ ఇంట్లో తెలుగు మాట్లాడటమే గానీ తెలుగు అక్షరం ఎవరికీ రాదు. తాతముత్తాతల నాటి నుంచి ఇక్కడే వ్యాపారం, చదువంతా తమిళంలో. పక్కింట్లో మంగాయమ్మగారు ఉన్నారు, యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు భార్య. ఆమెకు అక్షరాలు వచ్చు. ఎవరైనా పోయి అడిగితే నిమిషంలో తేలేది. కానీ లోకనాథన్ అడగడు. ఆమె ఒకసారి వీళ్ల మాట విని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మన బాస మనకు ఇంకొకరు చదివి చెప్పాల్నా?" అనేవాడు ఆయన, మీసం దువ్వుకుంటూ.

వేదవల్లికి మీసం లేదు కాబట్టి వెళ్లి అడిగింది. మంగాయమ్మగారు మార్కెట్‌కు బయలుదేరుతుంటే సంచీ పట్టుకుని వెంట నడిచి, గోడ ముందు నిలబెట్టింది.

"అమ్మవారేంటే పిచ్చిపిల్లా!" అందామె. "పొలం గొడవ సినిమా ఇది. కాకినాడ వెళ్లినప్పుడు చూశాన్నేను. మొగుడు పోయినావిడ పొలం బావగారు కాజేయబోతే, ఆవిడ ఊరుకోదు. మీ పెదనాన్నకి చెప్పు."

వేదవల్లి సరేనని తలూపింది. దారి పొడుగునా ఆలోచించింది. చెప్తే ఇంకేముంది, సినిమా లేదు. అడిగితే అబద్ధం చెప్పకూడదు, అడగకపోతే మాత్రం తానుగా నోరు విప్పకూడదు అని తేల్చుకుంది. పెదనాయన అడగలేదు. ఆయన ఆడపిల్లలను ఎప్పుడూ ఏమీ అడగడు.

ఆదివారం తెల్లవారకముందే ఇంట్లో అందరికీ తలస్నానాలు. అవ్వ అమ్మాయమ్మ పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా, పసుపు గుడ్డలో హారతి పళ్లెం, కర్పూరం, అగ్గిపెట్టె మూట కట్టుకుంది. పెదనాయన కూతురితో పాటు మిగతా ఆడవాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. సినిమా ఆడే కొట్టాయి ఎదురుగా సోడా అంగడి ముందు పెదనాయన అవ్వ చేతా వేదవల్లి చేతా చెప్పులు విప్పించి, తానూ విప్పాడు. అంగడి ఏలుమలై వాళ్లను వింతగా చూశాడు. వేదవల్లి తల వంచుకుని నడిచింది, నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

కొట్టాయి లోపల మొగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. మధ్యలో నడుమెత్తు గోడ. అవ్వా వేదవల్లీ గోడను ఆనుకుని బెంచీ మీద కూర్చున్నారు. దీపాలు ఆరిపోయాయి. వేదవల్లి అవ్వ చెయ్యి పట్టుకుంది. వెనక గోడ బొక్కలోంచి వెలుగు వచ్చి తెర మీద పడింది, ఒక మనిషి కన్ను వాకిలంత పెద్దదిగా తెరుచుకుంది. ఇన్ని రోజులు దీన్నా నాకు చూపించకుండా దాచారు అనుకుంది వేదవల్లి. సంతోషం వచ్చింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది.

"అమ్మోరు ఎప్పుడొస్తాదే?" అంది అవ్వ, ఒళ్లో మూట సర్దుకుంటూ.

"వస్తాది ఉండవ్వా."

అమ్మోరు రాలేదు. తెర మీద ఆడమనిషి మొగుడు పోయాడు. బావగారు వచ్చి, ఆడదానికి పొలమెందుకు, ఇంటి పట్టున ఉండు, నేను చూసుకుంటాను అన్నాడు. అవ్వ ఒక్కసారి ముందుకు వంగింది. మూట సంగతే మరిచిపోయింది.

"వాణ్ణి నమ్మబాకమ్మా!" అని తెర మీది మనిషికి గట్టిగా చెప్పింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు.

సగంలో దీపాలు వెలిగాయి. గోడ అవతల పెదనాయన ముఖం కందగడ్డలా ఉంది.

"అమ్మా, లెయ్. ఇది సామి పడం కాదు. పాపను తీసుకోని బయటికి రా."

అవ్వ తటపటాయించి లేవబోయింది. వేదవల్లి బెంచీని రెండు చేతులా పట్టుకుంది. ఆయన మాటకు ఎదురాడినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

"నేను రాను," అంది.

"ఏందే?"

"రాను పెదనాయనా. పూర్తిగా చూసే వస్తాను."

ఆయన గోడ మీద చెయ్యేసి కాలెత్తబోయాడు. ఆడవాళ్ల తలుపు దగ్గర ఉండే లావుపాటి ఆయా పరుగెత్తుకొచ్చింది. "ఇది ఆడోళ్ల పక్క. మొగోళ్లు రారాదు. తెలవదా?" అని కసిరింది. పక్క బెంచీలవాళ్లంతా తిరిగి చూశారు. ఆడవాళ్లెక్కడుండాలో మొగవాళ్లెక్కడుండాలో ఊరందరికీ చెప్పే మనిషికి కాలు దించుకోక తప్పలేదు.

అవ్వ కొడుకునీ మనవరాలినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లిగా కూర్చుంది.

"నువ్వు పోరా లోకనాథా," అంది. "ఆ బిడ్డ పొలం ఏమాయనో చూడకుండా నేనెట్ట వచ్చేది?"

దీపాలు మళ్లీ ఆరిపోయాయి. బావగారు పదిమందిని వెంటేసుకుని పొలంలోకి దిగాడు. ఆడమనిషి ఒంటరిగా గట్టు మీద నిలబడింది. జుట్టు విడిపోయింది. కొడవలి పైకి లేచింది. నా పొలంలో అడుగు పెట్టి చూడు అంది. పోస్టర్ మీది బొమ్మ అదే. అవ్వ లేచి నిలబడింది. మూట విప్పింది, పళ్లెంలో కర్పూరం పెట్టి అగ్గిపుల్ల గీసింది. తెర మీది కొడవలికి హారతి ఇచ్చింది.

"అమ్మా! ఆయమ్మ అమ్మోరు కాదే!" అని పెదనాయన గోడ అవతల నుంచి అరిచాడు. అవ్వ పొమ్మన్నా ఆయన పోలేదు.

"నాకు తెలుసులే. నువ్వు కూచో," అంది అవ్వ.

పళ్లెం బెంచీల వెంట సాగింది. ఆడవాళ్లు ఒక్కొక్కరూ చేతులు చాచి మంట కళ్లకద్దుకున్నారు. వేదవల్లి కూడా అద్దుకుంది. ఆ వేడి చాలాసేపు రెప్పల మీద ఉంది.

ఆట విడిచాక సోడా అంగడి ముందు పెదనాయన కాచుకుని ఉన్నాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"జరిగిందేదో తెలీక జరిగింది. ఎవురడిగినా సామి పడమనే చెప్పండి. పాపకు ఇదే ఆఖరు."

తలూపితే ఆ పూటకు గొడవ తీరిపోయేది. వేదవల్లి తలూపలేదు.

"తెలీక కాదు. నాకు ముందే తెలుసు. మంగాయమ్మత్త చదివి చెప్పింది. నువ్వు పోయి అడిగుంటే నీకూ చెప్పుండేది."

పెదనాయన చెయ్యి లేచింది. వేదవల్లి కళ్లు మూసుకోలేదు, వెనక్కి జరగలేదు. ఆ చేతికీ ఆమె చెంపకూ మధ్యలోకి మసిబారిన హారతి పళ్లెం వచ్చింది. అవ్వ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"ఆఖరని చెప్పేదానికి నువ్వెవురురా? పెద్దమనిషి అయినాక కూడా ఇది సినిమాకు వస్తాది. నేను తోడుండి తీసకపోతా. నీ కూతుర్ని కూడా తీసకపోతా." అని, మనవరాలి వైపు తిరిగింది. "వచ్చే ఆదివారం ఏం పడమో ఆ మంగాయమ్మను అడిగి రా. సామి పడమైతే వద్దులే. సామిని ఇంట్లోనే మొక్కుతా ఉండాను గదా."

వేదవల్లి చెప్పులు తొడుక్కుంది. ఇంటికి పోయేదారిలో పెదనాయన వెనక నడవలేదు, అవ్వతో కలిసి ముందు నడిచింది.