తాడు దగ్గర ఆగిన సైకిల్

దమ్మపేటలో చెప్పుల దుకాణం నడిపే ముస్తకీమ్‌కు ఊరికే వచ్చేదేదైనా అనుమానమే. ఈరోజు ఊరికే ఇచ్చేవాడు రేపు దానికి రెట్టింపు అడుగుతాడని అతని లెక్క. ఆ లెక్కతోనే దుకాణం నిలబెట్టాడు, ఇల్లు కట్టాడు. షుగరు వచ్చిందని డాక్టరు చెబితే గేర్ల సైకిల్ కొన్నాడు, అదీ గట్టిగా బేరమాడే. ఆ సైకిల్ మీద మాత్రం అనుకోని లాభం దక్కింది. తెల్లవారుతూనే అడవి దారిన పోతుంటే దుకాణం గుర్తుకే రాదు.

చిక్కల్లా ఒకటే. ఇప్పటికే రెండుసార్లు దారిలో చతికిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. రెండుసార్లూ భార్య అమీనా బీ ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెతుక్కుంటూ రావలసి వచ్చింది.

"ఇగో, ఆఖరిసారి చెప్తున్న. ఎవ్వరి సాయం లేకుండ పోయి రా. ఒక్కరి చెయ్యి పడ్డా సైకిల్ నాది. పాత సామాన్లోనికి తూకానికి ఇచ్చేస్త," అంది ఆమె.

"ఖబూల్," అన్నాడు ముస్తకీమ్ ధీమాగా.

ఆ ఆదివారం అడవి మధ్యలో వెనక చక్రం మెత్తబడింది. గాలి పంపు వెంట ఉంది. అతుకులూ సొల్యూషనూ ఇంట్లో ఉన్నాయి. నెట్టుకుంటూ మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. విత్తనాల పండుగ రోజులవి. మగవాళ్లు అడవిలోకి పోతే, గూడెం ఆడవాళ్లు దారి కాసి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండుగకు చందా తీసుకుంటారు.

"ఆగు సాయిబూ! పండుగ పైసలు పెట్టి పో," అంది ముత్తక్క. అందరిలో పెద్దది ఆమే.

ముస్తకీమ్ జేబులు తడిమితే పైసా లేదు, ఫోన్‌లో కడదామని తీశాడు. సిగ్నల్ లేదు.

"పంచరైన సైకిల్‌కు గూడ చందానా అమ్మా?"

"సైకిల్‌ను ఎవరడిగిండ్రు కొడుకా? నిన్ను అడుగుతున్నం."

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు.

"పైసల్లేకుంటే పని చెయ్. ఈ కొస పట్టుకో. వచ్చే బండిని ఆపి ఇప్పించు," అని ముత్తక్క తాడు చేతిలో పెట్టి, పక్కనున్న పడుచు వైపు తిరిగింది. "వనజా, మీ ఆయన అతుకుల డబ్బా తే పో."

"వద్దమ్మా, వద్దు! ఎవ్వరి చెయ్యీ పడొద్దు," అన్నాడు ముస్తకీమ్ కంగారుగా.

"గాలి లేని చక్రం ఇంటిదాంక మోస్తవా ఏంది?" అంటూ వనజ డబ్బా తెచ్చి, సైకిల్‌ను తలకిందులు చేసి, ట్యూబు బయటికి లాగనే లాగింది.

ఎండ ముదురుతోంది. మోసుకుపోయేంత దగ్గర కాదు. ముస్తకీమ్ తాడు పట్టుకున్నాడు.

పామాయిల్ గెలలతో ట్రాక్టరొకటి వచ్చి ఆగింది. నడిపే సీతయ్య అతని పాత గిరాకీ.

"ఏంది సేటూ, చెప్పుల దుకాణం మూసి తాడు దుకాణం పెట్టినవా?"

"దుకాణం ఏదైతేంది, బేరం బేరమే. జేబుల చెయ్యి పెట్టు."

సీతయ్య చిల్లర తీస్తే ముస్తకీమ్ తల అడ్డంగా ఊపాడు. గెలల రేటు పెరిగిందని అందరికీ తెలుసన్నాడు. చివరికి నోటే రాలింది. ఆడవాళ్లు ఈలలు వేశారు.

"సైకిల్ మీదేస్కొని పోత, రా. మీ ఇంటామెకు చెప్పనులే," అన్నాడు సీతయ్య, పందెం సంగతి విని.

మనసు లాగింది కానీ ముస్తకీమ్ వద్దన్నాడు. ట్రాక్టరు వెళ్లిపోయింది. ముత్తక్క సొరకాయ బుర్రలోంచి అంబలి వంచింది. తాగాడు. చక్రం గట్టిపడింది.

"ఏమియ్యాలె?"

"చందా ఇప్పించినవ్ గద!"

"అది తాడుకు. మరి అతుకుకు, అంబలికి?"

ముత్తక్క వింతగా చూసింది. "దానికి గూడ ధరుంటదా మీ ఊర్ల?"

"దుకాణానికి రండ్రి. మంచి చెప్పులు..."

"చెప్పులు కావాలంటే కొనుక్కుంటం తియ్," అంది వనజ, చేతులు దులుపుకుంటూ.

తిరుగుదారంతా ముస్తకీమ్ ఇందులో మెలిక ఎక్కడుందా అని వెతికాడు. అతని పేరు అడగలేదు. ఊరు అడగలేదు. మళ్లీ కనబడతాడన్న ఆశా వాళ్లకు లేదు. ఏ వైపునుంచి కూడినా వాళ్లకు మిగిలేది కనబడలేదు.

అమీనా బీ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఫోన్ చెయ్యలే! ఎవ్వరి చెయ్యీ పడలేదా?"

పడలేదని చెబితే సైకిల్ దక్కుతుంది. సీతయ్య నోరు విప్పడు. కానీ అలా చెప్పడమంటే ముత్తక్కనూ వనజనూ లేకుండా చేయడమే. సరుకు తీసుకుని, అమ్మినవాడెవడో తెలీదన్నట్టు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో అలాంటి పని ఎన్నడూ చేయలేదు.

"పడ్డది," అని మొత్తం చెప్పాడు.

ఆమె నవ్వు ఆపుకుంటూ విన్నది. "అయితే సైకిల్ నాది."

"నీదే." హ్యాండిల్ ఆమెకు అప్పగించాడు. "పాత సామాన్లోనికేనా?"

"నా సైకిల్, నా ఇష్టం. వచ్చే ఆదివారం షీర్ ఖుర్మా పాయసం చేస్త. దీని మీద పోయి ఆ గూడెంల ఇచ్చి రా."

"వాళ్లు బదులు తీసుకోరే."

"బదులని ఎవరన్నరు? తినమని చెప్పు. డబ్బా ఒలకకుండ మెల్లగ తొక్కు, కిరాయి అడగన్లే."