ఈశాన్యం మూల కాలవ

మునికుమార్ ఎవరింటి మురుగు కాలవలోకైనా బెదురు లేకుండా కెమెరా దించుతాడు. తిరుచానూరులో గంగాధరం అమ్మకానికి పెట్టిన ఇంటి ముందు మాత్రం అతనికి చేతులాడలేదు. ఇరవై ఏళ్ల కిందట ఆ లైను వేసింది వాళ్ల నాయన, మేస్త్రీ కుప్పయ్య. తను వేసిన లైనులో ఇంతవరకూ చుక్క నీళ్లు నిలవలేదని ఊరంతా చెప్పుకునే మనిషి ఆయన.

ఇల్లు కొనబోయే కోమలి అమ్మవారి గుడి దగ్గర పూలమ్ముతుంది. పదిహేనేళ్లు మూరలు కొలిచి కూడబెట్టిందంతా ఈ ఇంటికే పోస్తోంది. అందుకే ముందు కాలవ చూపించుకుందామని మునికుమార్‌ను పిలిచింది.

తీగ చివర కెమెరా లోపలికి పాకింది. కొంతదూరం గొట్టం శుభ్రంగానే ఉంది. వీధి వైపు పోవలసినది కాస్తా ఇంటి వెనక్కి తిరిగింది. అక్కడ తెరంతా నల్లటి నీళ్లు. మునికుమార్ ప్రాణం చివుక్కుమంది.

"ఇదేంది అబ్బాయా, ఇంత నల్లగా?" అంది కోమలి.

గంగాధరం మునికుమార్ పక్కకు వంగి గొంతు తగ్గించాడు. "మీ నాయన పనే కదప్పా. ఆయన పేరు నువ్వే పోగొడతావా? బాగుండాదని సెప్పేయ్."

మునికుమార్ గేటు అవతలికి పోయి నాయనకు ఫోన్ చేశాడు.

"నాయనా, గంగాధరమన్న ఇంటి లైను ఎనక్కెందుకు తిప్పినావు? నీళ్లు నిలబడిపోయినాయి."

కుప్పయ్య ఉన్నమాట చెప్పేశాడు. "వీధి కాలవ ఈశాన్యం మూల ఉండాది. వాస్తుకు ఆ మూల మురుగు పోకూడదని గంగాధరం పట్టుబట్టినాడు. ఎనక్కి తిప్పితే వాలు సాలదని నాకు తెలుసురా. మట్టి కప్పినాక ఎవురు సూస్తారులే అనుకుంటి."

నాయన గొంతులో అంత సిగ్గు మునికుమార్ ఎన్నడూ వినలేదు. కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"ఇప్పుడు ఆ యమ్మకు ఏం సెప్పేది?"

"సూసింది సెప్పు. నా పేరూ సెప్పు."

ఫోను పెట్టకుండానే లోపలికొచ్చి కోమలికి చెప్పాడు. వాలు తప్పిందనీ, తవ్వి మళ్లీ వేయాలనీ, గంగాధరం మాట విని ఈశాన్యం కోసం లైను తిప్పింది తన నాయనేననీ ఏదీ దాచలేదు. గంగాధరం మొహం తిప్పుకున్నాడు.

"ఆ కర్సు బేరంలో తగ్గించుకోన్నా" అని గంగాధరంతో చెప్పి, కోమలి మునికుమార్ వైపు చెయ్యి చాచింది. "ఆ ఫోను ఇటియ్యి అబ్బాయా."

"మేస్త్రీ, రేపు పార ఎత్తుకోని రాండి. ఈసారి ఇల్లుగలోళ్లు సెప్పినట్టు వద్దు, నీళ్లు పోయేటట్టు వేయండి. ఈశాన్యమైనా సరే."

"వస్తానమ్మా" అని అవతల కుప్పయ్య అనేసరికి ఇవతల కొడుకు కళ్లు తుడుచుకుంటున్నాడు.