సున్నం తిన్న వేళ్ళు

పాలు పొయ్యిమీద పెట్టి, పాప గుడ్డలు దండెం మీద ఆరేయడానికి హెప్సిబా గడప దాటింది. వెనుక తలుపు దానంతటదే మూసుకుంది. తిరిగొచ్చి తాళానికి వేలు ఆనించింది. ఎర్రదీపం.

"మళ్ళీ ప్రయత్నించండి," అంది తాళంలోని ఆడగొంతు.

కొంగుకు తుడుచుకుని ఆనించింది. ఎర్రదీపమే. అప్పుడు చూసుకుంది వేళ్ళను. క్రిస్మస్ దగ్గరపడిందని మూడు రోజులుగా గోడలకు సున్నం వేస్తోంది. కొనలు పొక్కి, పొరలూడి, గీత అన్నది లేకుండా నున్నబడ్డాయి.

పాల్వంచ కాలనీలోని ఆ వరుసలో ఈ తాళం మొదట ఇంజనీరు గారింటికి వచ్చింది. దసరా నాటికి పది ఇండ్లకు పాకింది. అంతకుముందు షిఫ్టుకు పోయే ప్రతి ఇంటి తాళంచెవీ పక్కింటి సంపూర్ణ వంటింట్లో మేకుకు వేలాడేది. "ఇంకా మేకులేంది? మనమొక్కలమే మిగిలినం," అంటూ ఆమె భర్త ఎబినేజర్ కూడా బిగించాడు. దాని తాళంచెవి డబ్బాతో సహా బీరువాలో ఉంది. తాళం తెరిచే నంబరు అతని ఫోన్‌లో ఉంది. వేలుండగా నంబరెందుకని ఆమె అడగనే లేదు.

లోపల ఊయలలో ఆరు నెలల బ్లెస్సీ.

"సంపూర్ణక్కా!"

సంపూర్ణ పిండి చేతులతోనే ఉరికొచ్చింది. "మీ ఆయనకు జల్దీ ఫోన్ కొడ్త, ఆగు."

"ఆయన ఫోన్ ప్లాంటు గేటు కాడ పెట్టిచ్చుకుంటరక్కా. షిఫ్టు దిగేది రెండింటికి!"

హెప్సిబా వెనకవైపుకు పరుగెత్తింది. వంటింటి కిటికీ అద్దంలోంచి చూస్తే పాలు పొంగి పొయ్యంతా తెల్లగా ఉంది. మంట లేదు. సందులోంచి గ్యాసు వాసన.

ముందు వాకిట నుంచి సంపూర్ణ అరిచింది: "బెల్లు కొడ్త, బిడ్డ లేస్తదేమో!"

"బెల్లు ముట్టకు! రవ్వ లేస్తది!"

రాయితో అద్దం పగలగొట్టింది. ఊచల్లోంచి చేయి దూరింది, పొయ్యి అందలేదు. గోడకు ఆనించిన సున్నం కుంచె కర్రను తిరగేసి లోపలికి తోసింది. కొన పాలమీద జారింది. మళ్ళీ జారింది. మూడోసారి పొయ్యి మర తిరిగింది. గ్యాసు బుసబుస ఆగింది.

ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దం.

"బ్లెస్సీ! ఓ బ్లెస్సీ!"

ఎంతసేపటికో లోపలినుంచి దగ్గు వినిపించింది. వెంటనే ఏడుపు.

సంపూర్ణ కొంగుతో కిటికీలోకి విసురుతోంది. "ఓరుసుకో చెల్లే, ప్లాంటు గేటోళ్లకు ఫోన్ కొట్టి చెప్పిన, మీ ఆయన కాడికి మనిషిని పంపుతరంట."

హెప్సిబా ఊచలకు నుదురు ఆనించింది. "ఏడువు బిడ్డా," అంది. "మీ నాయిన వచ్చేదాక ఏడుస్తనే ఉండు. ఆపకు."