పోగుల పరుపు

కోసిగి ఎండ సంగతి చెప్తే మీరు నమ్మరు. పోయిన ఎండాకాలం పెద్ద ఈరన్న గొడుగేసుకొని సంతకు పోయె. ఇంటికొచ్చి చూసుకుంటే చేతిలో కర్ర ఒకటే ఉండాది, గుడ్డంతా ఆవిరై పాయె. అట్లాంటి ఊర్లో కాకి గుడక నోరు తెర్సుకొని నీడకు పడుంటాది. మగ్గం లక్ష్మన్న ఇంట్లో లవ్ బర్డ్స్ మాత్రం పొద్దస్తమానం కిలకిలే.

"ఇవి మన సీమ పిట్టలేనప్పా, పొరపాటున యాడనో పుట్నాయి. నీళ్ళు తక్కువ తాగుతాయి, కొర్రలు తింటాయి, ఎండకు జంకవు" అని లక్ష్మన్న వచ్చినోళ్ళకంతా చెప్తాండె.

"సుగ్గికి గుడక పోతాయేమో అడుగప్పా" అనేది పెండ్లాం గిడ్డమ్మ.

సుగ్గి అంటే, ఈడ పని లేనప్పుడు ఊరు ఊరే మూటలు కట్టుకొని గుంటూరు పక్కకు మిరపకాయలు తెంపేకి పోయేది. పోయినేడు లక్ష్మన్న గుడక పోయినాడు. మగ్గంలో పోగు తెగితే కండ్లు మూసుకొని వేలితో తడిమి అతికే మనిషి. మిరప చేన్లో వేళ్ళు మండీ మండీ బండబారి పాయె. ఇంటికొచ్చి మగ్గం గుంతలో కూచుంటే పోగేదో గాలేదో తెలీలా. ఇప్పుడిప్పుడే కొంచెం తెలుస్తాండాది. ఇంకోసారి పోతే ఆ వేళ్ళు ఇంక మగ్గానికి పనికిరావని ఆయప్ప భయం.

అందుకే పిట్టలు. కర్నూల్లో పిట్టల అంగడి పెట్టుకున్న ప్రేమయ్య, "పిల్లల్ని పెంచి తీసుకరాప్పా, ఎన్నున్నా నేనే తీసుకుంటా" అని మాటిచ్చినాడు. లక్ష్మన్న మురిసిపోయి ఒక జత తానే ఏరుకొని తెచ్చె. ముక్కు పైన నీలంగా ఉంటే మొగది, మట్టి రంగుంటే ఆడది అని ప్రేమయ్య చెప్తానే ఉండాడు. ఈయప్ప చెవికెక్కితే కదా! తెచ్చిన రెండూ ఆడవే. రెండూ గూట్లో కట్టిన ఒకే కుండలోకి దూరి, పోటీ పడి గుడ్లు పెట్టి, నువ్వు లెయ్ అంటే నువ్వు లెయ్ అని పొడుచుకునె.

"ఇద్దరు ఆడోళ్ళను ఒక కుండలో పెడితే పిల్లలు పుట్టరప్పా, కొట్లాట పుడతాది" అని గిడ్డమ్మ నవ్వి నవ్వి కూలబడె.

మళ్ళా పోయి ఒకదాన్ని ఇచ్చి మొగదాన్ని తెచ్చినాడు. చలికాలం నడిమధ్యలో కుండలో గుడ్లు పగిలి నాలుగు పిల్లలు బయటపడె. అప్పటికే జనం సుగ్గికి పోయి ఊర్లో సగం తలుపులకు తాళాలు పడినాయి. గిడ్డమ్మ నడుముకు కొంగు దోపుకొని ఒకటే మాట చెప్పె.

"ఈ కుండ నిలబడితే సుగ్గికి తీసుకపోయే మేస్త్రీ శివన్న బండి మన వాకిట్లో ఆగదు. నిలబడకపోతే నోరు మూసుకొని ఎక్కాల. సరేనా?"

"సరేనే."

ఆ చలి ఎట్లాంటిదంటే, పొయ్యిలో నిప్పు గుడక కంబళి అడిగె. లక్ష్మన్న కుండలోకి తొంగి చూస్తే పిల్లలకు ఒంటి మీద నూగు లేదు. ఉట్టి మట్టి మీద, తోలు ఒలిచిన చిక్కుడు గింజల మాదిరి పడుండాయి. మగ్గం నేసే ఇండ్లల్లో పురిటి బిడ్డను మొదట పండుకోబెట్టేది పోగుల పరుపు మీద. మగ్గం కింద రాలిన నూలంతా ఏరి, ఉతికి, ఎండబెట్టి, మెత్తగా విడదీసి పరుస్తారు. లక్ష్మన్న పెరిగింది దాని మీదే. వాళ్ళ నాయనా అంతే.

"మనింట్లో పుట్టిన పిల్లలు కటిక మట్టి మీదనా?" అని ఉతికిన పోగులు తెచ్చి కుండలో మెత్తగా పరిచె.

తల్లి పిట్ట ముక్కుతో ఒక్కో పోగు లాగి బయట పారేసె. లక్ష్మన్న మళ్ళా పెట్టె. అది మళ్ళా పారేసె.

"ఏమి రోసమే నీకు, కొత్త కోడలు మాదిరి!" అని నవ్వి, ఈ తూరి బాగా అదిమి పెట్టె. పాపం, ఆ పిట్టకు ఇంకేం చాతనైతాది? ఊరుకునె.

ఇంక లక్ష్మన్న కాలు భూమ్మీద నిలిస్తే ఒట్టు. తల్లి మేత పెట్టి పోతానే కుండలోకి చూసేది. పిల్లల మెడ కింద సంచిలో కొర్ర గింజలు తోలు మీదికే కనపడతాండె. "ఇదో, ఇది తహసీల్దారు పొట్ట. ఇది సర్పంచు పొట్ట" అని గిడ్డమ్మకు చూపించేది. ఆయమ్మ గుడక సుగ్గికి మూట కట్టేది మానేసె.

ఒకనాడు పొద్దున పిల్లల అరుపు సన్నగిల్లె. కుండ కడుగుదామని లక్ష్మన్న ఒక పిల్లను పట్టి ఎత్తితే నాలుగూ లేచె, పూలదండ లేచినట్ల. పిల్లలు మసిలే కొద్దీ పోగులు కాళ్ళకు చుట్టుకొని, ఒకదాని మీద ఒకటి మెలిపడి బిగిసినాయి. రెండు ఎప్పుడో సచ్చినాయి. ఒకదాని పాదం బొగ్గు మాదిరి ఉండాది.

లక్ష్మన్న నవ్వె. ఎందుకు నవ్వినాడో ఆయప్పకే తెలీదు.

పడుగులో ఎంత చిక్కుపడినా విప్పే మొనగాడు కదా, గబగబ కొస కోసం తడిమె. పోగేదో కాలేదో వేళ్ళకు తెలీలా.

"ఇటియ్యి. నువ్వు తెంపితే కాలే తెంపుతావు" అని గిడ్డమ్మ బ్లేడు తీసుకునె. ఆయమ్మ కోస్తాండంగానే మూడోది చేతిలో తల వాల్చె. నాలుగోది బతికె, నల్లబడిన కాలు ఊడిపోయి ఒంటి కాలితో.

ప్రేమయ్యకు ఫోన్ చేసినాడు.

"పరుపేంటప్పా! అవి ఉట్టి కుండలోనే పెంచుతాయి. మహా అంటే ఇంత రంపపు పొట్టు."

"నువ్వు చెప్పలేదే!"

"ఎవరన్నా నూలు పెడతారని నాకెట్ల తెల్సు? ఇన్నేండ్లలో మగ్గమోడు నా అంగడికొచ్చింది నువ్వొక్కనివే."

"ఒకటుండాదిప్పా, కాలు లేదు."

"దాన్నెవురు కొంటారు చెప్పు?" అని ప్రేమయ్య మెల్లగా ఫోన్ పెట్టేసె.

కుంటిదాన్ని తల్లి దగ్గరికి రానీలేదు. లక్ష్మన్న కొర్ర గంజి పల్చగా కాచి, స్పూను కొస వంచి, చుక్క చుక్క పోసె. అది గుటగుట తాగె. "చూడే, బతుకుతాది! దీనికి కొయ్యకాలు చెక్కిస్తా, కోసిగి అంతా కుంటుకుంటా తిరుగుతాది" అని ఎగిరె. కానీ మెడ కింద సంచి నిండింది నిండినట్లే ఉండె. చలికి లోపల అరగలేదు. మర్నాడు పొద్దునకు అది కట్టై పాయె.

గిడ్డమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకొని చూసె.

"కడుపు నిండి సచ్చిందప్పా. మన పక్క అట్లాంటి సావు ఎవరికొస్తాది?"

అని లోపలికి పోయి మూట దించె.

శివన్న బండి వచ్చేలోపల లక్ష్మన్న పెద్ద పిట్టల గూడు పక్కింటి ముసలామె బసమ్మ వసారాలో తగిలించె.

"నాకు కండ్లు కనపడవు కదరా నాయనా, ఎట్ల చూసుకోను?"

"అరుపు వినపడితే గింజలెయ్యవ్వా. వినపడకుంటే వద్దులే."

బండి నిండా జనం. శివన్న కిందికి దిగి, "ఏమప్పా లక్ష్మన్నా, ఈ యేడు రానంటివి?" అని ఎగతాళి చేసె.

"ఈడ చలి శానా ఎక్కువైందిప్పా. మిరపకాయలు వెచ్చగా ఉంటాయని వస్తాండా."

అందరూ నవ్విరి. లక్ష్మన్న గుడక నవ్వె. బండి కదిలినాక గిడ్డమ్మ పాత చీర పేలికలు చించి, ఆముదంలో ముంచి, మొగుని వేళ్ళకు ఒక్కోదానికే చుట్టేది మొదలుపెట్టె.

"ఆగవే, ఈ పేలికలు ఒక్క పూటకే కారం పీల్చుకుంటాయి."

"తెల్సు" అనె గిడ్డమ్మ. "ఇంకో చెయ్యి ఇట్ల పెట్టు."