పేరు అలమేలుది, వేళ్ళు నావి

ఎడమ చేత్తో చారు పోశానని మా అత్త కంచం నెట్టేసింది. "ఛీ! నేనేమన్నా కుక్కనా మే?" కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది, గరిటె నిలవదంటే వినదు. వేళ్ళు తెగితే చెట్టయినా కూలుతుంది; నేను మాత్రం నిలబడి వడ్డిస్తూనే ఉన్నాను. కోడలి జాతి అంత గట్టిది!

ఈ తమిళ ఊళ్ళో, రాయపురం చేపల కంపెనీలో ఉద్యోగం మా ఆడపడుచు అలమేలుది. అక్కడి ఆనవాయితీ ఏమంటే, ఒకామె రాలేకపోతే ఆ ఇంటి ఆడది ఇంకొకతె ఆమె టోకెన్ పట్టుకుని వెళ్ళాలి, లేదంటే చోటు పోతుంది. అలమేలు కానుపుకి కూర్చుంటే అత్త నన్ను పంపింది. సూపర్‌వైజరుకి అంతా తెలుసు. తెలిసే నన్ను "అలమేలూ" అని పిలిచేవాడు. జీతం అత్తకి, కంపు నాకు. ఐస్ నలగ్గొట్టే మిషన్‌కి మూత ఎప్పుడో ఊడిపోయింది. గడ్డ ఇరుక్కుంటే చేత్తో తొయ్యమన్నాడు. తోశాను.

నష్టపరిహారం అడిగితే పరిహాసం దొరికింది. "అలమేలు చేతులు బాగానే ఉన్నాయే! నువ్వెవరమ్మా?" అన్నాడు అదే సూపర్‌వైజరు. పక్కింటి ఆరోగ్యమేరి ఒక్కతే, "పేరు ఎవరిదైతే ఏందక్కా, పని చేసినోళ్ళదే హక్కు" అని నాతో లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టించింది. అక్కనని ఎప్పటినుంచో తెలుసు. హక్కుందని అప్పుడే తెలిసింది.

విచారణకి బయల్దేరుతుంటే మా ఆయన కోదండరాం బోధ మొదలుపెట్టాడు. "ఇంట్లో కొబ్బరి తురుముతాంటే తెగిందని చెప్పు. అలమేలు చోటు పోతే నువ్వు పెడతావా దానికి కూడు?" నాలుగు వేళ్ళు మింగే కొబ్బరికాయ ఏ అంగట్లో దొరుకుతుందా అని నవ్వొచ్చింది. ఒంటి చేత్తో వండి వారుస్తున్నదాన్ని పట్టుకుని, "నిన్ను ఊరికే మేపుతాండాం, గుర్తుపెట్టుకో" అన్నాడు. నవ్వు పోయింది.

"వేళ్ళు ఎలా పోయాయి?" ఆఫీసరు తమిళంలో నన్నే అడిగాడు. మా ఆయన అందుకున్నాడు, "ఇంట్లోనే సార్" అంటూ. నేను చేతికి చుట్టుకున్న కొంగు తీసి చెయ్యి బల్లమీద పెట్టాను. "కాదు సార్, కంపెనీ మిషన్‌లో. అలమేలు టోకెన్ మీద పనిచేసింది నేను. నా పేరు పంకజం."

ఆఫీసరుకి తెలుగు రాదని మా ఆయన ధైర్యం. మొహాన నవ్వు చెదరకుండా నా చెవి దగ్గరికి వంగాడు. "ఇంటికి రా మే, ఆ రెండో చెయ్యి నేనే ఇరుస్తా."

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఇంటికి రమ్మంటున్నాడు సార్" అని మొదలుపెట్టి, తక్కినదంతా ఒక్క మాటా వదలకుండా తమిళంలో చెప్పాను.