చుర్రిన్చే, ఏడు గంటల పది నిమిషాలకు

కంటికి పొర కమ్మినంత మాత్రాన ఎరుపు ఎరుపు కాకుండా పోతుందా, నీరెండలో యూకలిప్టస్ కొమ్మ చివర నిప్పుకణంలా మెరిసింది చుర్రిన్చేయే, ఏటా మా అర్జెంటీనాలో వసంతమొచ్చే అక్టోబరులో ఉత్తరాన్నుంచి రొసారియో పార్కుకు వచ్చే ఆ గుప్పెడు ఎర్రపిట్టే, ఇరవై రెండేళ్లుగా దాని తొలి రాకను మా పక్షుల క్లబ్బు పుస్తకంలో రాస్తున్నది నేనే, ఇవాళా ఏడు గంటల పది నిమిషాలకని రాసేశాను, వెనుక నెలిదా, ఒకప్పుడు నా భౌతికశాస్త్రం తరగతిలో వెనుక బెంచీ పిల్ల, ఇప్పుడు క్లబ్బు పెద్ద, బైనాక్యులర్స్ దించి కిసుక్కున నవ్వింది, అయ్యో మాస్టారూ, అది పిట్ట కాదండీ, సెయింటు గౌచితోకు ఎవరో మొక్కుకుని కట్టిన ఎర్ర రిబ్బన్, కిందనే ఆయన బొమ్మ ఉందిగా, పక్కనే నా పాత స్నేహితుడు ఓస్వాల్దో అందుకున్నాడు, దేవుడు లేడు లేడంటూ ముసలాడివయ్యావు, చూశావా, ఆ మహానుభావుడు చివరికి నీ చేత లెంపలేయించాడు, ఇంక ఆ పుస్తకం ఈ పిల్లకిచ్చేసి కంటి ఆపరేషన్ చేయించుకోరా.

ఇవ్వనన్నాను, ఎవరో చెబితే దిద్దుకోవడం నా అలవాటు కాదు, నలభై ఏళ్లు తరగతిలో చెప్పిందదే, చూడండి, ముట్టుకోండి, ఆ తరువాతే ఒప్పుకోండి, తడిగడ్డిలో బూట్లు నానుతుండగా చెట్టు దాకా నడిచాను, కొమ్మ వంచాను, నూలు రిబ్బన్, ఎండకు అంచులు వెలిశాయి, ముడి మాత్రం గట్టిది, ఎవరి బిడ్డ జ్వరానికో, ఎవరి ఉద్యోగానికో, నెలిదా అరుస్తోంది, ఏం మాస్టారూ, నమ్మకం కుదిరిందా.

కుదిరింది, కానీ తప్పు కంటిది కాదు, చుర్రిన్చే పురుగు కోసం ఎగిరి మళ్లీ అదే కొమ్మకు వస్తుంది, అది కదిలేదాకా ఆగి రాయమని వీళ్లందరికీ నేర్పినవాణ్ణి నేను, ఆగనివాణ్ణీ నేనే, ఈ ఏడు కూడా ముందు నేనే చూడాలన్న కోరిక ఆగనివ్వలేదు, ఈ ముడి వేసిన మనిషికీ నాకూ ఈ ఉదయం ఒక్కటే జబ్బు, దానికి ఏ కంటి వైద్యుడి దగ్గరా మందు లేదు, పాత వాక్యం కొట్టివేయకుండా దాని కిందనే రాశాను, ఏడూ ఇరవై, రిబ్బన్, ముట్టుకుని చూశాను, పొరపాటు నాది, సంతకం పెట్టాను, నెలిదా చదివింది, నవ్వడం మానింది, మా చేదు ఆకుటీ, మాతే గిన్నెలో వేడినీళ్లు పోసి నాకందించింది, పుస్తకం చంకలో పెట్టుకున్నాను, నా తప్పును నా చేత్తో రాసుకోగలిగినన్నాళ్లు ఇది నా దగ్గరే ఉంటుంది, చేదు గొట్టంతో చివరిదాకా పీల్చి గిన్నె తిరిగిచ్చాను, ఇంకో గిన్నె వద్దు, ఇక చాలనుకున్నవాడే మా దగ్గర థాంక్స్ చెప్పి ఇస్తాడు, నేను చెప్పలేదు.