ర్యాకులో మిగిలినవి పదకొండు

ప్రమాద స్థలం నుంచే పోలీసులు సహాయక చర్యలు నడిపించే కమాండ్ వాహనం కోసం పోలీసు సహాయ దళం పద్నాలుగు నెలలు విరాళాలు సేకరించింది. ఆ దళంలోని వారు పోలీసులు కారు. నీలం జాకెట్లు తొడుక్కుని జాతరల్లో తాడు పట్టుకునే, ప్రమాదాలు జరిగిన చోట జనాన్ని నిలువరించే మామూలు పౌరులు. అధ్యక్షుడు కామేశ్వరరావు బ్యాంకు మేనేజరుగా పదవీ విరమణ చేసి వెలిమెలలో విల్లా కొనుక్కున్నవాడు. మహిళా విభాగంలోని సత్తెమ్మ గడ్డపోతారం మనిషి. వయసు యాభై రెండు. ఆమె పుట్టింటి వారి మూడెకరాలూ పారిశ్రామికవాడ కింద పోయాయి. ఏ గేటు దగ్గర ఏ వాచ్‌మన్ ఉంటాడో ఆమెకు తెలుసు కనుక, బొల్లారం నుంచి గడ్డపోతారం దాకా ఫ్యాక్టరీల చుట్టూ తిరిగే పని ఆమెకే అప్పగించారు.

ప్రతి గేటు దగ్గరా ఆమె ఒకే మాట చెప్పేది. "సారు, లోపల ఏదన్న పేలితే ఎంతమంది చిక్కుకున్నరో బయటోళ్లకు తెల్వదు. గీ బండి వస్తే తెలుస్తది."

ఆ మాట ఆమె నమ్మే చెప్పింది. తమ్ముడు ఎల్లయ్య అప్పటికే అటువంటి ఒక మందుల ఫ్యాక్టరీలో, పొడి ఆరబెట్టే డ్రైయర్ బ్లాకులో, కాంట్రాక్టరు కింద రోజుకూలీగా పనిచేస్తున్నాడు. అతడికి గుర్తింపు కార్డు లేదు. పొద్దున కాంట్రాక్టరు మనిషి గేటు దగ్గర నిలబడి తలలు చూసి లోపలికి పంపేవాడు.

అందరికంటే ఎక్కువ విరాళం ఇచ్చింది ఆ ఫ్యాక్టరీయే. అందుకు ప్రతిగా వాహనానికి రెండు వైపులా దాని పేరును 'పోలీసు' అన్న అక్షరాల కంటే పెద్దగా రాయించారు. ప్రమాదవేళ లోపలున్నవారి జాబితాను యాజమాన్యం నుంచే స్వీకరించాలని, దానినే అంతిమంగా పరిగణించాలని దళం ఒక తీర్మానం కూడా చేసింది. కామేశ్వరరావు దానిని చదివి వినిపించాడు. సమోసాలు చల్లారుతున్నాయని ఎవరో అన్నారు. అందరితోపాటు సత్తెమ్మ సంతకం చేసింది.

వాహనం వచ్చిన ఆరో వారంలో, ఒక మంగళవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు ఆ డ్రైయర్ బ్లాకు పేలి మూడంతస్తులూ కూలిపోయాయి.

వాహనం పద్దెనిమిది నిమిషాల్లో చేరుకుంది. కెమెరా స్తంభం లేచింది, మైకు పలికింది, తెర వెలిగింది. ఫ్యాక్టరీ సిబ్బంది వ్యవహారాల మేనేజరు బాపిరాజు పంపిన జాబితా ఆ తెర మీద కనిపించింది: ఆసుపత్రికి చేరినవారు నలుగురు, ఆచూకీ తెలియనివారు ఎనిమిది మంది. సత్తెమ్మ ఆ ఎనిమిది పేర్లూ రెండుసార్లు చదివింది. ఎల్లయ్య పేరు లేదు. ఆసుపత్రి జాబితాలోనూ లేదు. ఇంట్లోనూ లేడు.

షేర్ ఆటో నడిపే మహబూబ్ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. "ఎల్లయ్యను ఎనిమిదిన్నరకు నేనే దింపిన సత్తెమ్మక్కా. 'నీ డొక్కు ఆటో కంటే మా అక్క కమాండ్ బండి నయం, ఏసీ ఉంటదట' అని నన్ను ఎక్కిరిచ్చుకుంట లోపలికి పోయిండు."

ఆమె బాపిరాజు దగ్గరకు వెళ్లింది. ఆ పేరుతో తమకు ఉద్యోగి ఎవరూ లేరని, కాంట్రాక్టరును అడగమని అతడు మర్యాదగానే చెప్పాడు. కాంట్రాక్టరు ఫోను పనిచేయడం లేదు. కామేశ్వరరావు ఆమెను పక్కకు తీసుకెళ్లాడు.

"తీర్మానం మీద మీరూ సంతకం పెట్టారు కదమ్మా. ఇప్పుడు దాతల పరువు తీస్తే, రేపు మనకు డీజిలుకైనా ఎవరిస్తారు?"

ఆమె తన చోటికి తిరిగి వెళ్లింది. ఆ రోజంతా తాడు పట్టుకుని నిలబడింది.

మరునాడు మధ్యాహ్నం మూడు గంటలకు ఎనిమిదో మృతదేహం దొరికింది. తెర మీద 'ఆచూకీ తెలియనివారు' అన్నచోట సున్నా పడి, ఆ గడి ఆకుపచ్చగా మారింది. ఇక శిథిలాలను జేసీబీలతో ఎత్తి టిప్పర్లలో తరలించవచ్చని నిర్ణయమైంది. అంటే, ఎల్లయ్య ఆ రాళ్ల కింద ఉంటే, రాళ్లతోపాటే ఎక్కడో గుంతలో పడతాడు. మొదటి టిప్పరు గేటు దాటి లోపలికి వెళ్లడం సత్తెమ్మ చూసింది. తాడును పక్కవారి చేతికిచ్చి సెక్యూరిటీ గదిలోకి నడిచింది.

మందులు తయారుచేసే చోటికి తిండి తీసుకుపోకూడదు. అందుకే పనివారంతా, కార్డు ఉన్నవారూ లేనివారూ, టిఫిన్ డబ్బాలను సెక్యూరిటీ గదిలోని ఇనుప ర్యాకులో పెట్టి వెళతారు. బతికి బయటపడ్డవారు నిన్న సాయంత్రమే తమ డబ్బాలు తీసుకుపోయారు. ఆసుపత్రిలో ఉన్న నలుగురివీ వారి బంధువులు పట్టుకెళ్లారు. ర్యాకులో ఇంకా పదకొండు ఉన్నాయి.

ఆమె వాటిని రెండు సంచుల్లో బయటికి తెచ్చి, తాడు అవతల కూర్చున్న ఎనిమిది కుటుంబాలకూ చూపించింది. ఒక్కొక్కరూ ఒక్కొక్క డబ్బాను గుర్తుపట్టారు. తర్వాత ఆమె కమాండ్ వాహనం ఎక్కి, తెర కింద ఉన్న తెల్లని బల్ల మీద వాటిని వరుసగా పేర్చింది. ఎనిమిది ఒక వైపు, మూడు ఇంకో వైపు. అన్నం అప్పటికే పులిసి వాసన వేస్తోంది.

లోపల కూర్చున్న సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నర్సింహులు ముక్కు మీద రుమాలు పెట్టుకున్నాడు. "ఇవేందమ్మా?"

"నిన్న పొద్దుగాల పెట్టి లోపలికి పోయినోళ్లయి సారు. ఈ ఎనిమిదింటికి మనుషులు దొరికిన్రు. ఈ మూడింటికి దొరకలె. గిది మా తమ్మునిది, మూత సొట్టవోయింది. మిగిలిన రెండిట్ల రొట్టెలున్నయి. ఏ బీహారోళ్లవో. అడగనీకె వాళ్లకు ఈడ ఎవ్వల్లేరు."

డబ్బాలు మరచిపోయి వెళ్లడం పనివారికి అలవాటేనని అక్కడే ఉన్న బాపిరాజు అన్నాడు.

"మర్చిపోయినోనికి ఇయ్యాల గుడ ఆకలైతది గద సారు. వచ్చి తీస్కపోవాలె."

తెర మీద సున్నా ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. నర్సింహులు కొంతసేపు డబ్బాలను, కొంతసేపు తెరను చూసి, వైర్‌లెస్ అందుకుని జేసీబీలను ఆపమన్నాడు. తర్వాత కానిస్టేబుల్‌ను పిలిచి, ఆ పదకొండింటినీ సాక్ష్యంగా స్వాధీనం చేసుకుని పంచనామా రాయమన్నాడు.

ఆ మూడు దేహాలూ శుక్రవారం దొరికాయి. ముఖాన్ని బట్టి పోల్చుకునే స్థితిలో అవి లేవు. సత్తెమ్మ చేతి నుంచి రక్తం తీసి ప్రయోగశాలకు పంపారు. పంతొమ్మిది రోజుల తర్వాత రెండో దేహం ఎల్లయ్యదని చెప్పారు. మిగిలిన ఇద్దరూ ఎవరో కనుక్కోవడానికి బీహారుకు ఉత్తరాలు రాస్తున్నామన్నారు.

దళం ఆమెను జాకెట్ అప్పగించమంది. ఆమె ఉతికి, మడతపెట్టి ఇచ్చింది. పొరుగు మండలంలో రెండో వాహనం కోసం అచ్చువేసిన కరపత్రంలో, మొదటి వాహనం పదకొండు మందినీ గుర్తించిందని రాసి ఉంది.

ఎల్లయ్య తమ మనిషి కాడని ఫ్యాక్టరీ నేటికీ అంటోంది. శిథిలాల్లో దొరకడం వేరు, కొలువులో ఉండడం వేరని దాని వకీలు వాదన. పరిహారం కావాలంటే అతడు అక్కడ పనిచేసినట్టు ఆధారం తెమ్మని కార్మిక శాఖ కార్యాలయంలో అడిగారు. సత్తెమ్మ పోలీసు స్టేషనుకు వెళ్లి డబ్బా ఇమ్మంది. కేసు తేలేదాకా ఇవ్వడం కుదరదని, పంచనామా నకలు మాత్రం ఇచ్చారు. అందులో తొమ్మిదో వరుస ఇలా ఉంది: 'స్టీలు డబ్బా ఒకటి, మూత సొట్ట, అన్నము, చింతకాయ తొక్కు. డ్రైయర్ బ్లాకులో పనిచేయు ఎల్లయ్యది.'

పదిహేడు నెలల కొలువుకు ఉన్న కాగితం అదొక్కటే. ఆమె దానిని కార్మిక శాఖ కార్యాలయానికి తీసుకెళ్లింది. గుమస్తా ఒకసారి చదివి, వెనక్కి తిప్పి చూసి, ఇది డబ్బాకు ఇచ్చిన కాగితమని, మనిషిది తెమ్మని చెప్పాడు.